బోరులో నీళ్లున్నాయి, స్టార్టరేమో డ్రై రన్ అంటోంది

చీనీతోట_నార్పల
నార్పల దగ్గర మాకు చీనీ (బత్తాయి) తోట ఉంది. నాన్న అక్కడ, నేను బెంగళూరులో. బోరుకు 7.5 హెచ్‌పి సబ్‌మెర్సిబుల్ మోటారు, దానికి సిమ్ వేసుకునే మొబైల్ స్టార్టరు. కొన్నాళ్లుగా ఆన్ చేసిన కాసేపటికే మోటారు ఆగిపోతోంది. ఫోనుకు వచ్చే మెసేజ్ ఎప్పుడూ ఒకటే: "డ్రై రన్, మోటార్ ఆఫ్". బోరు ఎండిందేమో అనుకుందామంటే, ఆగే క్షణం దాకా పైపు నిండుగా పోస్తోందని నాన్న చెబుతున్నాడు. అమ్మిన షాపులో అడిగితే "డ్రై రన్ ఆఫ్ చేసేయండి సార్, గొడవ వదిలిపోతుంది" అన్నారు. ఆఫ్ చేశాక మోటారు కాలితే ఎవరు దిక్కు? ఈ ఎండల్లో నీళ్లు ఆగితే పిందె రాలిపోతుంది, టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా వచ్చిందా?

కరెంటు_కష్టాలు
బోరు ఎండిన సంగతి బోరుకంటే ముందు స్టార్టరుకు తెలిసిపోయిందన్నమాట.

ఆదోని_అక్క
మాకూ ఇదే మెసేజ్ వచ్చేది. మాది మాత్రం నిజంగానే నీళ్లు అడుగంటి. ఇంకో రెండు పైపులు కలిపి మోటారు కిందికి దించాక పోయింది. మీ నాన్నగారిని సరిగ్గా చూడమనండి. గాలి కలిసి బుస్సుబుస్సుమని వస్తోందా, నిలకడగా పోస్తోందా?

చీనీతోట_నార్పల
అడిగాను అక్కా. నిలకడగానే ఉందట. డ్రిప్ ఫిల్టరు దగ్గర ప్రెషర్ గేజి ముల్లు కూడా కదలడం లేదంట.

వైండింగ్_షాపు_కడప
ఆఫ్ చేయమన్నవాడికి కాలిన మోటార్లు చుట్టే రీవైండింగ్ షాపు కూడా ఉందేమో కనుక్కో నాయనా.

డ్రై రన్ అనేది నీళ్లను చూసి చెప్పే మాట కాదు. పంపు నీళ్లు లాగుతుంటే మోటారు మీద లోడు ఉంటుంది, లోడుంటే ఆంప్స్ ఉంటాయి. నీళ్లు లేకపోతే ఆంప్స్ పడిపోతాయి. మనం పెట్టిన గీత కిందికి ఆంప్స్ వచ్చి కొన్ని సెకన్లు అక్కడే ఉంటే స్టార్టరు డ్రై రన్ అని ఆపేస్తుంది. దానికి తెలిసింది ఆంప్స్ తగ్గాయనే ఒక్క ముక్క. ఎందుకు తగ్గాయో దానికి తెలియదు, ఊహించి చెబుతోంది.

తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి మోటారు నడుస్తుండగా మూడు ఫేజులకూ టాంగ్ టెస్టరు (వైరును చుట్టి పట్టుకుని ఆంప్స్ చూపే మీటరు) పెట్టించు. ఒక్క ఫేజు చూసి వదలొద్దు. ఆగే ముందు ఎంత చూపిందో రాసుకోమను.

తాడిపత్రి_డ్రైవ్స్
పైన అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు. ఇంకొకటి అడుగుతా. మెయిన్ ఆఫ్ చేసి స్టార్టరు మూత తీస్తే, మోటారుకు పోయే వైర్లకు ఆంప్స్ కొలిచే నల్లటి గుండ్రటి సీటీలు (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు) తొడిగి ఉంటాయి. ఎన్ని ఉన్నాయి? మూడా, రెండా, ఒకటేనా?

చీనీతోట_నార్పల
నాన్న ఫోటో పంపాడు. ఒక్కటే ఉంది. ఎర్ర వైరు దాంట్లోంచి పోతోంది.

తాడిపత్రి_డ్రైవ్స్
అనుకున్నా. ఆర్, వై, బి అని మూడు ఫేజులుంటే మీ స్టార్టరు ఒక్క ఆర్ ఫేజును, అంటే ఆ ఎర్ర వైరును చూసి మూడింటికీ తీర్పు చెబుతోంది. ఆర్‌లో ఆంప్స్ తగ్గితే చాలు, దాని లెక్కలో బోరు ఎండినట్టే. మిగతా రెండు ఫేజుల్లో నిప్పులు కురుస్తున్నా దానికి పట్టదు.

కోడ్_రాసే_పిల్లోడు
ఒక డౌటు. అలాంటి డబ్బాల మీద సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారును ఆపేది) ఉందని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది కదా. ఆర్ ఫేజు పోతే డ్రై రన్ కాకుండా ఫేజ్ ఫెయిల్ అని రావాలి కదా?

తాడిపత్రి_డ్రైవ్స్
మంచి ప్రశ్న. ప్రివెంటర్లలో రెండు రకాలు. ఒకటి ఓల్టేజీ చూస్తుంది, ఇంకొకటి కరెంటు చూస్తుంది. చవక డబ్బాల్లో ఉండేది ఎక్కువగా మొదటిది. అది ఓల్టేజీని ఎక్కడ కొలుస్తుంది? కరెంటు లోపలికి వచ్చే చోట, అంటే మోటారుకు కరెంటు కలిపి తెంచే కాంటాక్టరుకు ముందు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే పట్టుకోవచ్చు. కాంటాక్టరు పాయింటు కాలినా, దాని తర్వాత వైరు కొనకుండే లగ్గు వదులైనా, కేబుల్ జాయింటు పోయినా దానికి కనబడదు. ముందు వైపు మూడు ఓల్టేజీలూ పుష్కలంగా ఉన్నాయి కాబట్టి అంతా బాగుందనే చెబుతుంది.

ఇంకో తిరకాసు ఉంది. మోటారు తిరుగుతుండగా ఒక ఫేజు పోతే, తిరిగే మోటారే ఆ పోయిన ఫేజులో కొంత ఓల్టేజీ పుట్టిస్తుంది. ఓల్టేజీ చూసే ప్రివెంటర్ దాన్ని నిజం కరెంటనుకుని ఊరుకుంటుంది. అప్పటికి మిగిలిన రెండు ఫేజుల్లో ఆంప్స్ దాదాపు 1.73 రెట్లు అయి ఉంటాయి. మోటారు మాత్రం ఆగదు, నీళ్లూ పోస్తూనే ఉంటుంది. నార్పల తమ్ముడూ, మీ నాన్న చెప్పిన దానికి ఇది సరిపోతోంది చూడు.

వైండింగ్_షాపు_కడప
సింగిల్ ఫేజింగ్‌లో కాలిన మోటారు నా బల్ల మీదికి వస్తే విప్పిన నిమిషంలో చెప్తా. స్టార్ కనెక్షన్ మోటారైతే రెండు ఫేజుల కాయిల్స్ బొగ్గు, మూడోది మొన్న చుట్టినట్టు మెరుస్తూ ఉంటుంది. రైతేమో "ఓల్టేజీ తక్కువై కాలింది సామీ" అంటాడు. లో ఓల్టేజీలో కాలితే మూడూ ఒకే తీరుగా మాడతాయి. కాయిల్ అబద్ధం చెప్పదు, మెసేజ్ చెబుతుంది.

కళ్యాణదుర్గం_పాతకాపు
ఇందుకే నేను ఈ ఫోను స్టార్టర్ల జోలికి పోలేదు. పచ్చ బటన్ నొక్కితే నడవాలి, ఎర్ర బటన్ నొక్కితే ఆగాలి. ఓవర్‌లోడ్ రిలే ఒకటి ఉంటే చాలు.

తాడిపత్రి_డ్రైవ్స్
రిలే మంచిదే పాతకాపన్నా, కానీ అది బైమెటల్ పట్టీ వేడెక్కి వంగితేనే తెగుతుంది. క్లాస్ 10 రిలే అంటే సెట్ చేసిన ఆంప్స్‌కు 7.2 రెట్లు వస్తే 10 సెకన్లలోపు తెగాలి. రోటరు పట్టేస్తే సరిపోతుంది. సింగిల్ ఫేజింగ్‌లో వచ్చేది ఒకటిన్నర, పావుతక్కువ రెండు రెట్లే. దానికి రిలే నిమిషాలు తీసుకుంటుంది. పైగా చాలామంది రిలే మాటిమాటికీ తెగుతోందని నాబ్‌ను చివరి దాకా తిప్పి పెడతారు. మీది ఎంతలో ఉంది?

కళ్యాణదుర్గం_పాతకాపు
చూసి చెప్తా.

కరెంటు_కష్టాలు
చివరి దాకా తిప్పి ఉంటుంది.

కళ్యాణదుర్గం_పాతకాపు
నేను తిప్పలేదప్పా. లైన్‌మన్ తిప్పిపోయినాడు.

ఆదోని_అక్క
మాకు వచ్చిన వింత కేసు. స్టార్టరు ఓవర్‌లోడ్ అంటూ ఆగేది. మూత తీస్తే కాంటాక్టరులో బల్లి ఎండిపోయి ఉంది. ఒక పాయింటు పూర్తిగా అతుక్కోవడం లేదు. మెసేజ్‌లో బల్లి అని ఎందుకు రాదు మరి?

కోడ్_రాసే_పిల్లోడు
తర్వాతి వెర్షన్‌లో పెడతాం అక్కా. ఎర్రర్ నంబరు 13, బల్లి.

చీనీతోట_నార్పల
ఎలక్ట్రీషియన్ వచ్చాడు, రీడింగులు తీశాడు. ఆన్ చేయగానే ఆర్ 13.1, వై 13.4, బి 13.0. బాగానే ఉంది కదా అనుకునేలోపు ఆర్ దిగడం మొదలైంది. ఆగే ముందు ఆర్ 6.2, వై 18.5, బి 19. ఓల్టేజీలు మూడూ 400 దగ్గరే. డ్రై రన్ సెట్టింగు 9 ఆంప్స్‌లో ఉంది. నీళ్లు మాత్రం చివరిదాకా తగ్గలేదు.

వైండింగ్_షాపు_కడప
ఇంక మోటారు ఆన్ చేయొద్దు. వెంటనే మెయిన్ దించమను. 18, 19 ఆంప్స్ అంటే ఆ రెండు ఫేజులు ఉడుకుతున్నట్టే. మీ మోటారు ఇన్నాళ్లు బతికిందంటే ఆ తప్పుడు డ్రై రన్ పుణ్యమే. పేరు తప్పు చెప్పినా ఆపడం మాత్రం సరిగ్గా ఆపింది. షాపువాడి మాట విని ఆఫ్ చేసి ఉంటే ఈపాటికి పైపులు బయటికి లాగుతుండేవాళ్లు.

తాడిపత్రి_డ్రైవ్స్
ఆన్ చేయగానే మూడూ సమంగా ఉండి, వేడెక్కేకొద్దీ ఆర్ పడిపోతోందంటే వైండింగు కాదు, ఏదో అతుకు. ముందు కాంటాక్టరు ఆర్ పోలు పాయింట్లు, తర్వాత దాని లగ్గు, ఆఖర్న కేబుల్ జాయింటు. అదే వరసలో చూడండి. పైన ఉన్నది చూడకుండా బోరు ఎత్తొద్దు.

ఇంకో మాట. డ్రై రన్ అయ్యాక మళ్లీ దానంతటదే ఆన్ అయ్యే టైమరు పెట్టారా?

చీనీతోట_నార్పల
అవును, అరగంటకు పెట్టాం. బోరులో నీళ్లు ఊరాక మళ్లీ నడవాలి కదా అని.

తాడిపత్రి_డ్రైవ్స్
అదే భయం. అరగంటకోసారి అది ఆన్ అయి, వై బి ఫేజులను కాసేపు కాల్చి, మళ్లీ ఆగుతోంది. నిజంగా నీళ్లు ఊరాల్సిన బోరుకు ఆటో రీస్టార్ట్ మంచిదే. కారణం తప్పుగా చదివినప్పుడు అదే ఆటో రీస్టార్ట్ మోటారును విడతలవారీగా చంపుతుంది.

ఆదోని_అక్క
అలాగని ఆటో తీసేయమంటే కుదరదు తమ్ముడూ. మా ఆయన దుబాయిలో, నేను ఇంట్లో పిల్లలతో. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ రెండు కిలోమీటర్లు నడిచి బటన్ నొక్కాలా? పగలు తొమ్మిది గంటలిచ్చినా మధ్యలో పోయి వచ్చేది ఎంతో మీకు తెలుసు.

తాడిపత్రి_డ్రైవ్స్
ఒప్పుకుంటా అక్కా. కరెంటు పోయి రావడం లోపం కాదు, స్థితి. అప్పుడు ఆటో ఉండాలి, కాకపోతే అందరి మోటార్లూ ఒకే క్షణంలో లేవకుండా కొంచెం ఆలస్యం పెట్టాలి. డ్రై రన్ అయితే రెండు మూడు సార్లు చూసి ఆగిపోవాలి. ఓవర్‌లోడ్, ఫేజ్ ఫెయిల్, షార్ట్ అయితే మనిషి వచ్చి చూసేదాకా లేవకూడదు. అన్నిటికీ ఒకే టైమరు పెట్టే డబ్బాలతోనే చిక్కంతా.

కోడ్_రాసే_పిల్లోడు
ఇక్కడే నా సొంత గోల ఒకటి పెడతా. అనంతపురంలో ఇంజినీరింగ్ చివరి ఏడాది. మోటారు కంట్రోలరు బోర్డు ప్రాజెక్టు. లోపం వస్తే ఎర్ర లైటు వెలిగి మోటారు ఆగేదాకా చేశాను. మా సార్ "ఏం లోపమో ఎలా తెలుస్తుంది?" అని వెనక్కి పంపారు. ఏమేం పెట్టాలి?

తాడిపత్రి_డ్రైవ్స్
ఈ చర్చలో జరిగినదంతా నీ సిలబస్సే. నేను పాలిషింగ్ యూనిట్లలో డ్రైవులు (మోటారు వేగాన్ని మార్చే కంట్రోలర్లు) చూసుకునేవాణ్ని, చేతికి తగిలినవి చెప్తా.

స్థితి వేరు, హెచ్చరిక వేరు, లోపం వేరు. మూడింటినీ ఒకే లైటు మీద వేయకు. పెద్ద డ్రైవుల్లో ఇది ప్రమాణంగానే ఉంది. సీఐఏ 402 (CiA 402) అనే డ్రైవుల ప్రొఫైల్లో స్టేటస్ వర్డ్ అని 16 బిట్ల మాట ఒకటుంటుంది, చిరునామా 6041 హెక్స్. అందులో 3వ బిట్ లోపం, 7వ బిట్ హెచ్చరిక. ఏం లోపమో చెప్పే కోడు వేరే చోట, 603ఎఫ్ హెక్స్‌లో. ఉదాహరణకు 3210 అంటే లోపలి డీసీ ఓల్టేజీ ఎక్కువైందని, 3220 అంటే తక్కువైందని. లోపం వచ్చాక తాళం పడినట్టు అలాగే ఉంటుంది, కారణం పోయినా పోదు. రీసెట్ బిట్ సున్నా నుంచి ఒకటికి మారిన క్షణంలోనే తాళం తెరుచుకుంటుంది. రీసెట్ బటన్‌ను టేపు వేసి నొక్కి పెట్టేవాళ్లను చూశాను, వాళ్ల కోసమే ఆ ఏర్పాటు అనుకుంటా.

మొదటి లోపాన్ని భద్రంగా దాచు. ఒకటి వస్తే దాని వెనక నాలుగు వస్తాయి. ఫేజు పోతుంది, ఆంప్స్ పెరుగుతాయి, వేడెక్కుతుంది, చివరికి తెర మీద మిగిలేది ఓవర్‌హీట్. మెకానిక్ ఫ్యాను మార్చి డబ్బులు తీసుకుని పోతాడు.

అన్నిటికన్నా ముఖ్యం, ఆగిన క్షణంలో ఉన్న అంకెలు. మూడు ఫేజుల ఆంప్స్, ఓల్టేజీలు, వేడి, ఎంతసేపటి నుంచి నడుస్తోంది. నార్పల తమ్ముడికి "డ్రై రన్" బదులు "ఆర్ 6.2, వై 18.5, బి 19, అందుకే ఆపాను" అని మెసేజ్ వచ్చి ఉంటే ఈ చర్చే పుట్టేది కాదు. మూడు సీటీలు పెట్టు. ఒక్క సీటీతో మిగిల్చిన డబ్బు రైతు జేబులోంచే పోతుంది.

వైండింగ్_షాపు_కడప
ఆంప్స్ ఒక్కటే చూసి డ్రై రన్ అనొద్దని కూడా చెప్పు ఆ పిల్లోడికి. సబ్‌మెర్సిబుల్ మోటారు లోడు లేకపోయినా ఆంప్స్ బాగానే లాగుతుంది, కాబట్టి నీళ్లు ఉన్నప్పటికీ లేనప్పటికీ తేడా తక్కువ కనిపిస్తుంది. ఓల్టేజీ పెరిగి తగ్గినా ఆ గీత కదులుతుంది. కిలోవాట్లు కొలిస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

కోడ్_రాసే_పిల్లోడు
రాసుకున్నా. ఆగిన క్షణం అంకెలు ఎక్కడ దాచాలి? కరెంటు పోతే పోతాయి కదా.

సోలార్_పులివెందుల
కరెంటు పోయినా చెరిగిపోని మెమరీలో. గడియారానికి చిన్న బ్యాటరీ కూడా మరిచిపోకు. నేను చూసిన ఒక కంట్రోలరు ప్రతి లోపానికీ 2000 జనవరి 1 అనే తేదీ వేసేది. అన్ని మోటార్లూ కొత్త సంవత్సరం రోజే చెడిపోయినట్టు.

మా సోలార్ పంపుల్లో వేరే తలనొప్పి. పొద్దున ఎండ చాలక కంట్రోలరు నిద్రలో ఉంటుంది. అది లోపం కాదు, మామూలు స్థితి. కొన్నిట్లో దానికీ లో ఓల్టేజీ ఫాల్ట్ అని ఎర్రగా చూపిస్తారు. మబ్బు పట్టిన రోజు ఫోన్లు ఆగవు, అన్నా మోటారు చెడిపోయింది, ఎప్పుడొస్తావని. పీఎం కుసుమ్ పథకం కింద ఇచ్చే సోలార్ పంపులకు రిమోట్ మానిటరింగ్ డబ్బా కూడా ఉంటుంది కాబట్టి అదే తప్పు మెసేజ్ పైవాళ్ల తెర మీదికీ పోతుంది. రోజూ అబద్ధపు ఫాల్ట్ వస్తే నిజం వచ్చిన రోజు ఎవడూ కదలడు.

బేతంచెర్ల_పాలిష్
మాదీ కలుపుకోండి. నాపరాయి కోసే మిషను, పెద్ద బ్లేడు, మోటారుకు వీఎఫ్‌డీ (వేగం మార్చే డ్రైవు). ఆపిన ప్రతిసారీ ఓవర్ ఓల్టేజీ అని ట్రిప్. నడుస్తుంటే ఏమీ లేదు, ఆపితేనే. లైన్ ఓల్టేజీ ఎక్కువుందని స్టెబిలైజరు కొనమన్నారు.

తాడిపత్రి_డ్రైవ్స్
కొనకు. బ్లేడు బరువుకు మోటారు ఆగనంటుంది, డ్రైవు ఆపుతానంటుంది. ఆ పెనుగులాటలో మోటారు జనరేటరై కరెంటును డ్రైవులోకి తిరగతోస్తుంది. 415 లైనుకు డ్రైవు లోపలి డీసీ దాదాపు 587 ఓల్టులు ఉండాలి. తిరిగొచ్చిన కరెంటుతో అది 800 దాకా ఎక్కి ట్రిప్ అవుతుంది. ఆగే సమయం పెంచు, లేదా ఆ తిరిగొచ్చే కరెంటును వేడిగా ఖర్చు చేసే బ్రేకింగ్ రెసిస్టరు పెట్టు. ఫాల్ట్ హిస్టరీలో ఆ క్షణం డీసీ ఓల్టేజీ, ఫ్రీక్వెన్సీ ఉంటాయి. ఫ్రీక్వెన్సీ తగ్గుతుండగా ట్రిప్ అయి ఉంటే లైను తప్పు కాదు.

బేతంచెర్ల_పాలిష్
హిస్టరీ అని ఒకటుందని ఈరోజే తెలిసింది. మరి మధ్యాహ్నం ఓవర్‌హీట్ వస్తోంది, దానికి డ్రైవు ముందు టేబుల్ ఫ్యాను పెట్టినాం.

తాడిపత్రి_డ్రైవ్స్
ప్యానెల్ తలుపు తీసి?

బేతంచెర్ల_పాలిష్
తీసే. మూస్తే గాలి ఎట్లా తగులుతుంది?

తాడిపత్రి_డ్రైవ్స్
గాలితో పాటు రాతిపిండి కూడా తగులుతుంది సామీ. హీట్‌సింకు రెక్కల మధ్య పిండి పేరుకుని గట్టిపడి ఉంటుంది, చూడండి. చాలా డ్రైవులు 40 డిగ్రీల దాకానే పూర్తి లోడు మోస్తాయి. మే నెలలో మన షెడ్డులో 43 బయటే ఉంటుంది, ప్యానెల్ లోపల ఇంకా ఎక్కువ. బ్లోయరుతో ఊది, తలుపు మూసి, ఫిల్టరున్న ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి. ఈ హెచ్చరిక మాత్రం అబద్ధం కాదు.

కరెంటు_కష్టాలు
మన జిల్లాల్లో ఓవర్‌హీట్ అనేది లోపం కాదు, సోలార్ అన్న చెప్పినట్టు మామూలు స్థితి.

కోడ్_రాసే_పిల్లోడు
ఇంకొక్కటే. ఆన్ చేశాక "మోటార్ ఆన్" అని మెసేజ్ పంపుతున్నా. అది చాలా?

సోలార్_పులివెందుల
రిలేకు ఆర్డరు ఇచ్చానని చెబుతున్నావా, మోటారు నిజంగా తిరుగుతోందని చెబుతున్నావా? ఆంప్స్ వచ్చాయో లేదో చూశాకే ఆన్ అని పంపు. ఇంకా కంప్యూటరు తెర మీద చూపించేటట్టయితే, కంట్రోలరు నుంచి సమాచారం తెచ్చే మాడ్‌బస్ వైరు ఊడిపోయినప్పుడు పాత విలువే నిలిచిపోతుంది. మోటారు ఆగి గంటైనా తెర మీద రన్నింగ్ అనే ఉంటుంది. కొంతసేపు జవాబు రాకపోతే "సమాచారం లేదు" అని చూపించు. బాగుంది, చెడింది కాక ఆ మూడో మాట కూడా కావాలి.

మోడరేటర్
స్టార్టరు కంపెనీ పేరు అడుగుతూ కొందరు నాకు విడిగా రాస్తున్నారు. ఇక్కడ పేర్లు వద్దు. సీటీలు ఎన్నున్నాయో చూసి కొనుక్కోండి.

చీనీతోట_నార్పల
దొరికింది. కాంటాక్టరు ఆర్ పోలు పాయింట్లు నల్లగా మాడి, గుంతలు పడి ఉన్నాయి. దాని పక్క ప్లాస్టిక్ కూడా కరిగి గోధుమరంగుకు తిరిగింది. ఎలక్ట్రీషియన్ ఎమరీతో రుద్ది పెట్టేస్తా అంటున్నాడు. ఆర్ పోలు ఒక్కటే మారిస్తే సరిపోతుందా, మొత్తం మార్చాలా? మోటారు మెగ్గర్ పరీక్షలో (ఇన్సులేషన్ చూసేది) బాగానే ఉంది.

వైండింగ్_షాపు_కడప
రుద్దడం వద్దు, పాయింటు మీద వెండి మిశ్రమం బిళ్ల ఉంటుంది, రుద్దితే అదే అరిగిపోతుంది. కరిగిన ప్లాస్టిక్ ఉందన్నావు కాబట్టి పాయింట్ల కిట్ కూడా వద్దు, కాంటాక్టరే మార్చు. ఆంప్స్ రేటింగు ఒక సైజు పెద్దది తీసుకో. కొత్తది పెట్టాక మూడు ఫేజుల ఆంప్స్ మళ్లీ చూసి, అప్పుడు నడిచే ఆంప్స్‌ను బట్టి డ్రై రన్ గీత పెట్టు. అరగంట టైమరు ఇప్పుడే తీసేయ్.

కళ్యాణదుర్గం_పాతకాపు
మా రిలే చూసినా. చివర్లోనే ఉంది. 5 హెచ్‌పి మోటారుకు ఎంతలో పెట్టాలి?

వైండింగ్_షాపు_కడప
మోటారు ప్లేటు మీద రాసిన ఆంప్స్‌కు పెట్టు. ప్లేటు బోరులో ఉంటే బిల్లు మీద చూడు.